పకియావ్ గెలిచింది ఎనిమిదా, ఆరా? ప్రొఫెషనల్ బాక్సింగ్ ఛాంపియన్ లెక్కలు

2025 జులైలో ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ 46 ఏళ్ల వయసులో మళ్లీ రింగ్‌లోకి దిగాడు. ఆ వీడియో ముక్కలు ఫోన్లలో తిరుగుతున్న రోజుల్లోనే, జడ్చర్ల దగ్గర నేను పాఠాలు చెప్పే తొమ్మిదో తరగతిలో ఒక పంచాయితీ మొదలైంది. "గాయన ఎనిమిది బరువుల్ల ప్రపంచ ఛాంపియన్ సార్" అన్నాడు ఒకడు. "కాదు సార్, ఆరే" అని ఇంకొకడు. ఇంతలో ఒకమ్మాయి లేచి, "మరి మన నిఖత్ అక్క గూడ ప్రపంచ ఛాంపియనే కద సార్. ఇద్దరు ఒకటేనా?" అని అడిగింది.

ముగ్గురూ మంచి చోటే పట్టుకున్నారు. మగపిల్లలు చెప్పిన రెండు అంకెలూ ఎక్కడో ఒకచోట అచ్చయినవే, రెండింటికీ ఆధారం ఉంది. బాక్సింగ్‌లో 'ప్రపంచ ఛాంపియన్' అని ఎవరన్నా అనగానే 'ఎవరి లెక్కలో?' అని అడగాలి. పకియావ్ జీవితాన్నే ఉదాహరణగా పెట్టుకుంటే ఆ లెక్కలన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

నిఖత్ దారి, పకియావ్ దారి

ముందు ఆ అమ్మాయి ప్రశ్న. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కేజీల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కేజీల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే ఊరి హుస్సాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో కాంస్యం తెచ్చాడు. వీళ్లు ఆడేది అమెచ్యూర్ బాక్సింగ్. అమెచ్యూర్ అంటే ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు అనుకోవద్దు. దేశం తరఫున ఆడతారు, ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు అన్నీ ఈ దారిలోనే వస్తాయి.

ఇది మన స్కూల్ కబడ్డీ లాంటిదే. మండల స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి దాటుకుంటూ పోతాం. డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీల్లో, ఎవరు తగిలితే వాళ్లతో ఆడాల్సిందే. బౌట్ అంటే మూడు రౌండ్లు, ఒక్కో రౌండ్ మూడు నిమిషాలు, అయిదుగురు జడ్జీలు. కొద్ది రోజుల్లో వరసగా నాలుగైదు బౌట్లు గెలిస్తే పసిడి. పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్‌కు రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనాకు చెందిన వూ యు ఎదురైంది. అక్కడితో ఆమె ఒలింపిక్స్ ముగిసిపోయింది. "ఇప్పుడే వద్దు, ఫైనల్లో చూసుకుందాం" అనే అవకాశం ఆ పద్ధతిలో లేదు.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇలా చీటీలతో జోడీలు తేల్చడం ఉండదు. మన జాతరల్లో కుస్తీ పోటీలు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. పెద్దమనుషులు పహిల్వాన్లకు జోడీలు కడతారు, చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వెండి కడెం కుస్తీ దాకా తీసుకుపోతారు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆ పెద్దమనిషి పని ప్రమోటర్ చేస్తాడు. ఇద్దరు బాక్సర్లను ఒప్పించడం, హాలు మాట్లాడటం, టికెట్లు, టీవీ హక్కులు అమ్మడం అన్నీ అతని బాధ్యతే. కొత్తవాడు నాలుగు రౌండ్ల బౌట్లతో మొదలుపెట్టి ఆరు, ఎనిమిది, పది మీదుగా ఎక్కుతాడు. టైటిల్ బౌట్ మగవాళ్లకు మూడేసి నిమిషాల 12 రౌండ్లు, ఆడవాళ్లకు సాధారణంగా రెండేసి నిమిషాల 10 రౌండ్లు.

పేరున్న బాక్సర్ ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే రింగ్ ఎక్కుతాడు. ఎప్పుడు, ఎవరితో, ఏ బరువులో ఆడాలన్నది బేరం మీద తేలుతుంది. పకియావ్, అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ తలపడాలని ప్రపంచమంతా అడిగింది. 2009 చివర్లో మాటలు మొదలయ్యాయి, రక్తపరీక్షల దగ్గర చెడిపోయాయి. చివరికి వాళ్లు ఎదురుపడింది 2015 మే 2న. నిఖత్‌కు రెండో బౌట్‌లోనే ఎదురైన గట్టి పోటీ పకియావ్‌కు ఎదురవడానికి అయిదేళ్లు పైగా పట్టింది.

జేబుల్లో బరువులు వేసుకుని కాంటా ఎక్కిన పిల్లాడు

పకియావ్ 1978లో పుట్టాడు. ఫిలిప్పీన్స్ దక్షిణాన జనరల్ శాంటోస్ అనే ఊళ్లో పెరిగాడు. ఇంట్లో తిండికి కష్టం, వీధుల్లో డోనట్లు అమ్మాడు. 14 ఏళ్లకు ఇల్లు విడిచి రాజధాని మనీలా చేరి, కొన్నాళ్లు వీధుల్లోనే పడుకున్నాడు. పాలమూరు పిల్లలకు ఈ భాగం ఎక్కువ వివరించాల్సిన పని పడలేదు. తాతల కాలం నుంచి మట్టిపనికి, కాంక్రీటు పనికి ఊళ్లు దాటి పోయినవాళ్లు మా క్లాసులో ప్రతి ఇంట్లో ఉన్నారు.

16 ఏళ్లకు, 1995 జనవరిలో మొదటి ప్రొఫెషనల్ బౌట్. అప్పుడు అతని బరువు 98 పౌండ్లు, అంటే సుమారు 44 కేజీలు. ఉన్నవాటిలో అతి తక్కువ విభాగం 105 పౌండ్లది. తన బరువు చాలదని జేబుల్లో బరువులు వేసుకుని కాంటా ఎక్కానని తర్వాత అతనే చెప్పాడు.

బాక్సింగ్‌లో బరువు అంత ముఖ్యం ఎందుకంటే, పంచ్ వెనక శరీరం బరువు ఉంటుంది. 50 కేజీల మనిషిని 70 కేజీల మనిషి ముందు నిలబెడితే పోటీ అనిపించుకోదు. అందుకే మగవాళ్ల ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను 105 పౌండ్ల (47.6 కేజీలు) నుంచి, 200 పౌండ్లు (90.7 కేజీలు) దాటిన హెవీవెయిట్ దాకా 17 విభాగాలుగా చేశారు. చిన్న బరువుల దగ్గర మెట్టుకూ మెట్టుకూ తేడా కిలోన్నర ఉంటుంది, అంతే.

ఇక్కడే ఇంకో తేడా. అమెచ్యూర్లు బౌట్ రోజు పొద్దున కాంటా ఎక్కుతారు. ప్రొఫెషనల్స్‌కు సాధారణంగా ముందురోజే తూకం. కాబట్టి చాలామంది నీళ్లు మానేసి, చెమట పట్టించి నాలుగైదు కేజీలు దించి తూకంలో గట్టెక్కుతారు. మర్నాటికి తిని, తాగి మళ్లీ పెరుగుతారు. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి తల మీద దెబ్బలు మరింత ప్రమాదం అని డాక్టర్లు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. ఎదిగే వయసు పిల్లలు ఇది చూసి అనుకరించకూడదని నాకు గట్టిగా ఉంది.

ఎదిగే శరీరం కాంటాకు లొంగదనడానికి పకియావే సాక్ష్యం. 1998 డిసెంబర్‌లో థాయ్‌లాండ్‌లో చచ్చాయ్ ససాకుల్‌ను నాకౌట్ చేసి 112 పౌండ్ల ఫ్లైవెయిట్‌లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇరవై ఏళ్లు నిండటానికి అప్పటికి ఇంకా రెండు వారాలు ఉంది. 1999 సెప్టెంబర్‌లో ఆ టైటిల్ నిలబెట్టుకోవాల్సిన బౌట్‌కు 112 పౌండ్లకు దిగలేకపోయాడు. ఇంకా ఒక్క పంచ్ పడకముందే, కాంటా మీదే టైటిల్ పోయింది. నీరసించిన ఒంటితో రింగ్ ఎక్కి మూడో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు.

ఆ తర్వాత అతను మధ్యలో ఉన్న 115, 118 విభాగాలు వదిలేసి నేరుగా 122కు వెళ్లాడు. 2001 జూన్‌లో అమెరికాలో ఎవరో తప్పుకుంటే, రెండు వారాల ముందు కబురొస్తే వెళ్లి, దక్షిణాఫ్రికాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ లెడ్వాబాను ఆరో రౌండ్‌లో ఓడించాడు. కోచ్ ఫ్రెడ్డీ రోచ్ దగ్గర చేరిన కొత్తలోనే ఇది జరిగింది.

ఒకే బరువుకు నలుగురు ఛాంపియన్లు ఎలా ఉంటారు?

క్లాసులో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది ఇదే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు ప్రపంచం మొత్తానికి ఒకే సంఘం లేదు. ఛాంపియన్‌కు గుర్తుగా బెల్టులిచ్చే ప్రధాన సంస్థలు నాలుగు. డబ్ల్యూబీఏ మూలాలు 1921 నాటివి. డబ్ల్యూబీసీ 1963లో, ఐబీఎఫ్ 1983లో, డబ్ల్యూబీవో 1988లో వచ్చాయి. ప్రతి సంస్థకూ తన ర్యాంకులు, తన ఛాంపియన్ ఉంటారు. ఒక విభాగంలో నాలుగు బెల్టులు నలుగురి దగ్గర ఉంటే, నలుగురూ 'ప్రపంచ ఛాంపియన్' అనే పిలిపించుకుంటారు. నాలుగూ ఒకరి దగ్గరికి చేరితే 'తిరుగులేని ఛాంపియన్' అంటారు.

అది ఎంత కష్టమో హెవీవెయిట్ చూపించింది. 2024 మే 18న రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్, బ్రిటన్‌కు చెందిన టైసన్ ఫ్యూరీని ఓడించి ఆ విభాగంలో నాలుగు బెల్టులూ కలిపిన మొదటివాడయ్యాడు. మరుసటి నెలకే ఐబీఎఫ్ బెల్టు పోయింది. అతను ఎవరిచేతా ఓడిపోలేదు. తమ ర్యాంకుల్లో ముందున్నవాడితో తప్పనిసరిగా ఆడాలని ప్రతి సంస్థా అడుగుతుంది. ఉసిక్ అప్పటికే ఫ్యూరీతో రెండో బౌట్‌కు ఒప్పందంలో ఉన్నాడు కాబట్టి ఒక బెల్టు వదులుకోవాల్సి వచ్చింది.

ఈ నాలుగింటి కింద ఖండాల స్థాయి బెల్టులు ఉంటాయి. బీజింగ్ ఒలింపిక్స్ కాంస్య విజేత విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాక, 2016 జులైలో ఢిల్లీలో గెలిచింది డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ టైటిల్. పేపర్లో 'టైటిల్' అని చూసి ప్రపంచ టైటిల్ అనుకున్నవాళ్లు చాలామంది. నాలుగింటి బయట ఇంకా చిన్న సంస్థలు కూడా ఉన్నాయి. 2024లో మన మన్‌దీప్ జాంగ్రా గెలిచిన డబ్ల్యూబీఎఫ్ ప్రపంచ బెల్టు అలాంటిదే. అతని కష్టం నిజం, గెలుపు నిజం. ఆ బెల్టు పైన చెప్పిన నాలుగింటిలోది మాత్రం కాదు. వార్త చదివేటప్పుడు సంస్థ పేరు కూడా చూడాలి.

'బెల్టులు ఎక్కువైపోయి ఛాంపియన్ అన్న మాటకు విలువ తగ్గింది' అనేది ఒక వాదన. ప్రతి టైటిల్ బౌట్ మీదా సంస్థలకు ఫీజు వస్తుంది కాబట్టి బెల్టులు పెంచుకుంటూ పోతున్నాయని వీళ్లు ఎత్తి చూపుతారు. 'ఒకే సంస్థ ఉంటే ఆ సంస్థకు నచ్చనివాడికి జీవితంలో అవకాశం రాదు, నాలుగు తలుపులుంటే పేద దేశం పిల్లాడికి ఏదో ఒకటి తెరుచుకుంటుంది' అనేది ఇంకో వాదన. పకియావ్ తొలి టైటిల్ చూస్తే రెండో మాటలోనూ పస ఉందనిపిస్తుంది.

ఇప్పుడు ఎనిమిది, ఆరు

పకియావ్ గెలిచిన బరువులు కింద నుంచి పైకి చూద్దాం. 112 పౌండ్లలో డబ్ల్యూబీసీ. 122లో ఐబీఎఫ్. 2008లో మార్క్వెజ్ మీద గెలిచి 130లో డబ్ల్యూబీసీ. అదే ఏడాది డేవిడ్ డియాజ్ మీద 135లో డబ్ల్యూబీసీ. 2009 నవంబర్‌లో కొటో మీద 147లో డబ్ల్యూబీవో. 2010 నవంబర్‌లో మార్గరిటో మీద 154లో డబ్ల్యూబీసీ. ఇవి ఆరు. నాలుగు ప్రధాన సంస్థల బెల్టులే లెక్కపెడితే ఇక్కడ ఆగాలి.

మిగిలిన రెండు 126, 140. 2003 నవంబర్‌లో 126లో మెక్సికో దిగ్గజం బరేరాను ఓడించినప్పుడు ఈ నాలుగు సంస్థల బెల్టేదీ పందెంలో లేదు. కానీ ఆ బరువులో అందరికంటే మేటి బరేరాయే అని బాక్సింగ్ లోకం ఒప్పుకుంది. 'ది రింగ్' అనే పాత బాక్సింగ్ పత్రిక తన లెక్కలో బరేరానే ఛాంపియన్‌గా ఉంచింది. ఆ గుర్తింపు గెలిచినవాడికి బదిలీ అయింది. 2009 మేలో 140లో హాటన్‌ను రెండో రౌండ్‌లో నాకౌట్ చేసినప్పుడూ అంతే, ది రింగ్ గుర్తింపుతో పాటు ఐబీవో అనే అయిదో సంస్థ బెల్టు వచ్చింది.

బెల్టు ఇచ్చిన సంస్థను చూసేవాళ్లు ఆరు అంటారు. 'ఆ బరువులో మేటిని ఎవరు ఓడించారు' అని చూసేవాళ్లు ఎనిమిది అంటారు. ఎక్కువగా చలామణీలో ఉన్నది ఎనిమిదే. నన్నడిగితే బరేరాను ఓడించడం అతని కెరీర్‌లోని కొన్ని బెల్టుల కంటే పెద్ద గెలుపు, దాన్ని లెక్కలోంచి తీసేయడానికి నాకు మనసొప్పదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పైబరువుల్లో పకియావ్ కొన్ని బౌట్లు 'ఒప్పుకున్న బరువు' మీద ఆడాడు. కొటోతో 147 టైటిల్ అయినా ఇద్దరూ 145కు దిగాలని ఒప్పందం. మార్గరిటోతో 154 టైటిల్‌కు హద్దు 150 పెట్టారు. ఎదుటివాడిని బలవంతంగా బరువు దించి బలహీనపరిచారని విమర్శకులు అంటారు. మార్గరిటో 5 అడుగుల 11 అంగుళాల మనిషి, పకియావ్ 5 అడుగుల 6 అంగుళాలు కూడా లేడు, తూకంలో అతను తూగింది 144.6 పౌండ్లే, పెద్దవాడి మీదకు పోయిందే అతను కదా అని అభిమానులు అంటారు. రెండు మాటలూ ఆ తూకం చీటీలోనే ఉన్నాయి.

ఒక్క పాయింటు ఎక్కడ పోయింది?

నాకౌట్ లేకపోతే పాయింట్లు. ముగ్గురు జడ్జీలు రింగ్ పక్కన కూర్చుని, ప్రతి రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేస్తారు. కింద పడితే ప్రతి పడటానికీ ఇంకో పాయింటు కోత.

రాజు, రవి అని ఇద్దరు అనుకుందాం. రాజు 7 రౌండ్లు, రవి 5 గెలిచారు. రాజుకు 7 పదులు 70, 5 తొమ్మిదులు 45, మొత్తం 115. రవికి 50, 63, మొత్తం 113. ఇప్పుడు రవి తను గెలిచిన అయిదు రౌండ్లలో రెండింట్లో రాజును ఒక్కోసారి పడగొట్టాడనుకోండి. రాజుకు రెండు పాయింట్లు పోయి 113-113. ఎక్కువ రౌండ్లు గెలిచినవాడికి డ్రా, అంటే సమానం, మిగిలింది.

2004 మేలో పకియావ్, మార్క్వెజ్ మొదటి బౌట్‌లో ఈ లెక్కే చరిత్రను మార్చింది. మొదటి రౌండ్‌లోనే మార్క్వెజ్ మూడుసార్లు పడ్డాడు. లెక్క ప్రకారం 10-6. చివరికి ఒక జడ్జి 115-110 పకియావ్‌కు, ఇంకొకరు 115-110 మార్క్వెజ్‌కు, మూడో జడ్జి 113-113 ఇచ్చారు. డ్రా. తర్వాత తేలిందేమిటంటే, ఆ మూడో జడ్జి మొదటి రౌండ్‌కు 10-7 వేశాడు. పొరపాటు నాదేనని ఆయనే ఒప్పుకున్నాడు. 10-6 వేసి ఉంటే 113-112 అయ్యేది, ఇద్దరు జడ్జీల మాట మీద పకియావ్ గెలిచేవాడు. ఈ ఉదాహరణ బోర్డు మీద చేయించినప్పుడు క్లాసు మొత్తం ఒక్కసారి "అయ్యో" అంది.

2012 జూన్‌లో బ్రాడ్లీతో బౌట్ ఇంకో రకం. అక్కడ కూడిక తప్పు లేదు, చూపులోనే తేడా. ఇద్దరు జడ్జీలు 115-113 బ్రాడ్లీకి, ఒకరు 115-113 పకియావ్‌కు ఇచ్చారు. తర్వాత డబ్ల్యూబీవో అయిదుగురు జడ్జీలకు వీడియో చూపిస్తే, అయిదుగురూ పకియావే గెలిచాడన్నారు. అయినా ఫలితం మారలేదు. ఒకరు గట్టి పంచ్‌కు విలువిస్తారు, ఒకరు ఎక్కువ పంచ్‌లకు, ఒకరు తప్పించుకునే నేర్పుకు. ముగ్గురూ రింగ్‌కు వేర్వేరు వైపుల కూర్చుంటారు కూడా.

పర్స్‌లోంచి చేతికి వచ్చేది

బౌట్‌కు బాక్సర్‌కు ఇచ్చే మొత్తాన్ని పర్స్ అంటారు. అది బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయ అమ్మిన రైతు తక్‌పట్టీ లాంటిది. పైన కనిపించే అంకె వేరు, హమాలీ, కమీషన్ పోయాక చేతిలో పడేది వేరు. ఒక బాక్సర్ పర్స్ 10 లక్షలు అనుకుందాం. మేనేజర్‌కు 25 శాతం, కోచ్‌కు 10 శాతం, టైటిల్ బౌట్ అయితే బెల్టు సంస్థకు 3 శాతం ఒప్పందం అనుకుంటే, 3,80,000 అక్కడే పోయింది. మిగిలిన 6,20,000 లోంచి పన్ను, రెండు నెలల శిక్షణ, ప్రాక్టీసుకు వచ్చినవాళ్ల జీతాలు, ప్రయాణాలు.

పైన ఉన్న కొద్దిమంది సంగతి వేరు. 2015లో మేవెదర్, పకియావ్ బౌట్‌ను ఇంట్లో చూడటానికి అమెరికాలో 46 లక్షల కనెక్షన్లు డబ్బు కట్టాయి. బాక్సర్ల వాటా 60-40. మేవెదర్‌కే పెద్ద వాటా, పాయింట్ల మీద గెలుపూ అతనిదే. కింద నాలుగు రౌండ్ల బౌట్లు ఆడేవాళ్లలో ఎక్కువమంది వేరే పని చేసుకుంటూనే ఆడతారు. బాక్సర్ ఒప్పందాల్లో మోసాలు ఆపడానికి అమెరికా 2000లో ముహమ్మద్ అలీ పేరుతో ఒక చట్టం తెచ్చింది. ప్రమోటర్ తన ఆదాయం లెక్క చూపాలని, ఒకే మనిషి ప్రమోటర్‌గానూ మేనేజర్‌గానూ ఉండకూడదని అందులో ఉంది.

దెబ్బల లెక్క

ఆ అలీ పేరు దగ్గరే కష్టమైన ప్రశ్న ఉంది. 1960 రోమ్ ఒలింపిక్స్ పసిడి, మూడుసార్లు హెవీవెయిట్ టైటిల్, 61 బౌట్లలో 56 గెలుపులు. 38 ఏళ్ల వయసులో, 1980లో, లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిన్నాడు. మరుసటి ఏడు ఇంకో బౌట్ ఆడి ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది. దెబ్బల వల్లే అని చాలామంది నమ్ముతారు, వేరే కారణాలూ ఉండొచ్చని కొందరు డాక్టర్లు అన్నారు. తలకు మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలు మెదడుకు హాని చేస్తాయన్నదానిలో మాత్రం ఇవాళ వాదన లేదు.

1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండ్‌లో పడి, కొన్ని రోజులకు చనిపోయాడు. అప్పటిదాకా టైటిల్ బౌట్ 15 రౌండ్లు. ఆ తర్వాతే 12కు దించారు. నార్వే 1981లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను నిషేధించి, 2014 చివర్లో ఎత్తేసింది. అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు పిల్లలకు, యువతకు బాక్సింగ్ వద్దని 2011లో చెప్పాయి. నిషేధిస్తే దొంగచాటుగా, డాక్టరు లేకుండా ఆడతారని, ఈ ఆటే వీధి నుంచి లేపి నిలబెట్టిన మనుషులు ఎందరో ఉన్నారని ఆట ఉండాలనేవాళ్లు అంటారు. పకియావ్ చదువు మధ్యలో పోయినా ఈ ఆట వల్లే 2010లో పార్లమెంటుకు, 2016లో సెనేట్‌కు వెళ్లాడు. మా పిల్లల్లో ఎవరైనా గ్లవ్స్ వేసుకుంటానంటే నేను వద్దనను. డాక్టరు ఉన్న చోట, తలకు దెబ్బ తగిలితే ఆట ఆపేసే కోచ్ దగ్గర నేర్చుకోమని మాత్రం అంటాను.

2025 జులై 19న లాస్ వెగాస్‌లో జరిగిన ఆ బౌట్ గురించి కూడా ఇదే గొడవ. నాలుగేళ్లుగా ఆడనివాడికి, చివరి బౌట్ ఓడిపోయినవాడికి డబ్ల్యూబీసీ ర్యాంకు ఎలా ఇచ్చిందని కొందరు అడిగారు. 46 ఏళ్ల తలకు ఇంకా దెబ్బలు అవసరమా అని ఇంకొందరు. పరీక్షలన్నీ పాసయ్యాడు, టికెట్లు అమ్ముడుపోయాయి, నిర్ణయం అతనిది అని మిగతావాళ్లు. ఎదురుగా ఉన్న ఛాంపియన్ మారియో బారియోస్ వయసు 30.

ఆ రోజు జడ్జీల పాయింట్ల కార్డుల లెక్క కూడా పిల్లల చేతే చేయించాను. ఒక జడ్జి 115-113 బారియోస్‌కు, మిగతా ఇద్దరూ 114-114. డ్రా అయితే బెల్టు పాత ఛాంపియన్ దగ్గరే ఉంటుంది. 114-114 అంటే చెరి ఆరు రౌండ్లు అని లెక్క తేల్చింది మొదట నిఖత్ గురించి అడిగిన అమ్మాయే. ఆ ఇద్దరి కార్డుల్లోనూ ఒక్కో రౌండ్ ఇటు తిరిగి ఉంటే బెల్టు పకియావ్‌ది అయ్యేదని కూడా తనే చెప్పింది. ఎనిమిది, ఆరు అని కొట్లాడుకున్న ఇద్దరూ ఆ కూడిక సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒకే నోటు పుస్తకం మీద వంగి కూర్చున్నారు.